ఈబిల్డ్‌లో డిపెండెన్సీ మార్చాను. ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్యాకేజీకి ఆ సంగతి ఎందుకు తెలియలేదు?

అక్షరక్రమం రాశారు:

సభ్యులకు నమస్కారం. మా ఇంట్లో మానిటరు కూడా లేని ఒక పాత కంప్యూటరు మీద జెంటూ లినక్స్ నడుస్తోంది. తెలుగు పదాల జాబితాలను మన వర్ణమాల వరుసలో పేర్చడానికి నేను సీ భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాము ఒకటి అందులో ఉంది. యూనికోడ్ సంఖ్యల వరుసను నమ్ముకుంటే ళ, ఱ రెండూ వ కంటే ముందే వచ్చి కూర్చుంటాయి కనుక, నాకు కావలసిన వరుసను నియమాలుగా రాసి యూనికోడ్ పాఠాన్ని సంభాళించే ఐసీయూ లైబ్రరీకి అప్పగిస్తాను. ఈ ప్రోగ్రాముకు ఈబిల్డ్ (ప్యాకేజీని ఎలా కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేయాలో చెప్పే ఫైలు) కూడా నేనే రాసి, సొంత ఓవర్‌లేలో (అదనపు రిపాజిటరీలో) పెట్టుకున్నాను.

ఆ ఈబిల్డ్ రాసినప్పుడు రెండు పొరపాట్లు చేశాను. జాబితాలను జేసన్ రూపంలో చదివిద్దామన్న ఆలోచనతో జేసన్-సీ లైబ్రరీని డిపెండెన్సీగా (ప్రోగ్రాముకు తప్పక కావలసిన వేరే ప్యాకేజీగా) చేర్చాను గానీ, ఆ పని ఎన్నడూ మొదలుపెట్టలేదు. నిజంగా కావలసిన ఐసీయూను రాయడం మరిచిపోయాను. వేరే ప్యాకేజీ కోసం ఐసీయూ అప్పటికే మెషీన్‌లో ఉండడం వల్ల కంపైల్ కావడానికి అడ్డేమీ రాలేదు, నా తప్పు నాకు తెలియనూ లేదు. పోయిన నెల అది కంటబడినప్పుడు ఈబిల్డ్ తెరిచి జేసన్-సీని తీసేసి, ఐసీయూను చేర్చాను. ప్రోగ్రాములో ఒక్క అక్షరమూ మారలేదు కదా అని వెర్షన్ సంఖ్యను ముట్టుకోలేదు.

ఈ వారం, ఐసీయూను వెంట తెచ్చిన ఆ వేరే ప్యాకేజీని తొలగించి, అక్కరలేని ప్యాకేజీలను ఊడ్చే ఎమర్జ్ డెప్‌క్లీన్‌ను, నిజంగా ఏదీ తొలగించని ప్రిటెండ్ ఆప్షన్‌తో నడిపి చూశాను. రెండు వింతలు కనిపించాయి. జేసన్-సీని నా ప్రోగ్రాము కోరుతోంది కనుక తొలగించనని అంది. ఈబిల్డ్‌లో ఇప్పుడు ఆ పేరే లేదు. ఐసీయూను మాత్రం ఎవరికీ అక్కరలేనివాటిలో చేర్చి, తీరా తొలగించే దశకు వచ్చేసరికి, లింకు స్థాయి డిపెండెన్సీలు దెబ్బతినకుండా ఉండేందుకు కొన్ని ప్యాకేజీలను వదిలేస్తున్నానని చెప్పి ఊరుకుంది. ఈబిల్డ్‌లో ఆ పేరు స్పష్టంగా ఉంది. నేను రాసినదానికి సరిగ్గా తలకిందులుగా ఎందుకు ప్రవర్తిస్తోంది? ఇన్‌స్టాల్ అయి ఉన్న సాఫ్ట్‌వేర్ డిపెండెన్సీలు మారాయని ప్యాకేజీ మేనేజరు అసలు ఎలా తెలుసుకుంటుంది?

గోదారిగట్టు రాశారు:

అక్షరక్రమం గారూ, మీరు దిద్దింది వంటకం రాసిన కాగితాన్ని. పొయ్యి మీంచి దిగిన కూర మాత్రం పాత కాగితం ప్రకారం వండినదే.

ఒక ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసిన క్షణాన జెంటూ ప్యాకేజీ మేనేజరు పోర్టేజ్ దాని ఈబిల్డ్ ప్రతిని, డిపెండెన్సీల పాఠాన్ని, అప్పటి యూజ్ ఫ్లాగులను (ఏ సదుపాయాలతో కంపైల్ చేయాలో చెప్పే ఎంపికలను), పెట్టిన ఫైళ్ల జాబితాను /వార్/డీబీ/పీకేజీ కింద ప్యాకేజీకొక ఫోల్డరు చొప్పున దాచుకుంటుంది. జెంటూ వాడేవాళ్లు దీన్ని వీడీబీ అంటారు. అది డేటాబేసు అన్న పేరే గానీ, ఉన్నవన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లు. క్యాట్ కమాండుతో చదువుకోవచ్చు. ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీకి ఏం కావాలన్న ప్రశ్న వచ్చినప్పుడు డెప్‌క్లీన్ చూసేది ఈ ఫోల్డరునే గానీ, మీ ఓవర్‌లేలో ఉన్న ఈబిల్డ్‌ను కాదు. వెర్షన్ సంఖ్య మారలేదు కనుక, వరల్డ్ అప్‌డేట్ (మొత్తం సిస్టమ్ అప్‌డేట్) ఇచ్చినప్పుడు కూడా కొత్తగా చేయవలసిన పని ఏదీ దానికి కనబడలేదు.

ఈబిల్డ్, వీడీబీ, ఇవి రెండు సాక్ష్యాలు. మూడోది బైనరీయే. ప్రోగ్రామును లింకు చేసినప్పుడు ఏయే లైబ్రరీలు కావాలో ఈఎల్‌ఎఫ్ ఫైలు (లినక్స్ బైనరీల రూపం) లోపలి డైనమిక్ విభాగంలో నమోదవుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే పోర్టేజ్ దాన్ని కూడా చదివి, నీడెడ్ అన్న పేరుతో మొదలయ్యే ఫైళ్లలో రాసుకుంటుంది. డెప్‌క్లీన్ తొలగింపుకు ముందు ఈ జాబితాను కూడా ఒకసారి సరిచూస్తుంది. ఆ తనిఖీ డిఫాల్టుగానే ఉంటుంది. మీ ఐసీయూను కాపాడింది అదే. వీడీబీలో మీ ప్రోగ్రాము ఫోల్డరులోకి వెళ్లి, నడిచేటప్పుడు కావలసినవాటిని రాసే ఆర్‌డిపెండ్ ఫైలులోనూ, నీడెడ్.ఈఎల్‌ఎఫ్.2 ఫైలులోనూ ఏముందో చూసి ఇక్కడ రాయండి.

అక్షరక్రమం రాశారు:

చూశాను. ఆర్‌డిపెండ్ ఫైలులో ఉన్నది ఒకే ఒక పేరు, జేసన్-సీ. నీడెడ్ ఫైలులో ఒక పొడవాటి వరుస ఉంది: ముందు ఎక్స్86_64 అని, తర్వాత ప్రోగ్రాము ఉన్న చోటు, ఆ తర్వాత కామాలతో విడదీసిన మూడు పేర్లు: లిబ్‌ఐసీయూఐ18ఎన్.ఎస్‌ఓ.74, లిబ్‌ఐసీయూయూసీ.ఎస్‌ఓ.74, లిబ్‌సీ.ఎస్‌ఓ.6. జేసన్ మాటే లేదు. అంటే నా పాత పొరపాటును ఆ ఫోల్డరు భద్రంగా దాచి ఉంచిందన్నమాట. ఆఫీసులో వాడే డెబియన్‌లో ఇలాంటిది ఎప్పుడూ ఎదురుపడలేదు. అక్కడ ఈ ఇబ్బంది లేదా, ఉండీ నాకు తెలియలేదా?

పాతసర్వరు రాశారు:

డెబియన్‌లో ఈ ఇబ్బందిని పరిష్కరించారని అనడం కంటే, రాకుండా గుమ్మం దగ్గరే ఆపేశారని అనడం సరైనది.

అక్కడ కూడా రెండు పుస్తకాలు ఉంటాయి. ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల వివరాలన్నీ /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ అన్న ఒకే ఫైలులో, ఒక్కొక్క ప్యాకేజీకి ఒక్కొక్క పేరా చొప్పున ఉంటాయి. ఆ పేరాలోని డిపెండ్స్ వరుస, ఇన్‌స్టాల్ అయిన ఆ వెర్షన్‌కు చెందినది. రిపాజిటరీలో ఇప్పుడు దొరికే వెర్షన్ల వివరాలు /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్‌లో ఉంటాయి. డెబియన్ ప్యాకేజీ మేనేజరు ఆప్ట్‌తో అప్‌డేట్ అన్నప్పుడు మారేది ఈ రెండోది మాత్రమే. తేడా ఎక్కడంటే, ఒకే వెర్షన్ సంఖ్యతో రెండు వేర్వేరు ప్యాకేజీ ఫైళ్లను డెబియన్ ఆర్కైవ్ స్వీకరించదు. డిపెండెన్సీ మార్చాలంటే వెర్షన్ మారి తీరాలి. సోర్సులో ఏ మార్పూ లేకుండా, కొత్త లైబ్రరీతో మళ్లీ కంపైల్ చేస్తే చాలు అనుకున్నప్పుడు కూడా బిల్డ్ సర్వర్లు వెర్షన్ చివర +బీ1 అని తోక తగిలించి వదులుతాయి. అందువల్ల ఒక వెర్షన్‌కు సంబంధించినంత వరకు రెండు పుస్తకాలూ ఒకే మాట చెబుతాయి, కొత్త మాట కొత్త వెర్షన్‌తోనే వస్తుంది.

ఈ నియమాన్ని మనమే ఇంట్లో ఉల్లంఘిస్తే ఏమవుతుందో చూడడం సరదాగా ఉంటుంది. ఒక డెబియన్ ప్యాకేజీని సోర్సు నుంచి సొంతంగా కంపైల్ చేసి, ఒక డిపెండెన్సీ తీసేసి, వెర్షన్ మార్చకుండా ఇన్‌స్టాల్ చేయండి. ఆప్ట్ వెర్షన్ సంఖ్యను మాత్రమే పోల్చి ఊరుకోదు. డిపెండ్స్, కాన్‌ఫ్లిక్ట్స్ వంటి వరుసల నుంచి ఒక హ్యాష్ (పాఠం నుంచి లెక్కగట్టే చిన్న గుర్తింపు సంఖ్య) తీసి దాన్ని కూడా పోలుస్తుంది. సంఖ్య ఒకటే అయినా హ్యాష్ తేడాగా ఉంటే అవి రెండు వేర్వేరు వెర్షన్లని భావించి, మరుసటి అప్‌గ్రేడ్‌లో మీ ప్యాకేజీ స్థానంలో రిపాజిటరీ ప్యాకేజీని పెట్టేస్తుంది. నేను రెండు మూడు సార్లు చేతితో మార్చి పెట్టిన ప్యాకేజీ మాయమైపోతుంటే, ఆప్ట్ మతిమరుపుతో చేస్తోందనుకుని చాలాకాలం తిట్టుకున్నాను.

ఇక డిపెండెన్సీ నిజంగా మారినప్పుడు జరిగేది ఈ మధ్య అందరూ చూశారు. 32 బిట్ల కాలగణన 2038 జనవరి 19న నిండిపోతుంది కనుక, 2024లో డెబియన్ వేలకొద్దీ ప్యాకేజీలను 64 బిట్ల టైమ్_టీకి (సీ భాషలో కాలాన్ని దాచే రకానికి) మార్చింది. లైబ్రరీ లోపలి అమరిక మారుతోంది కాబట్టి పేరే మార్చారు: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 కాస్తా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది. మామూలు 64 బిట్ల ఏఎండీ64 మెషీన్లలో లోపల మారేదేమీ లేకపోయినా అన్నిచోట్లా పేరు ఒకటిగా ఉండాలని అక్కడా మార్చారు. కాకపోతే పాత పేరును కూడా నేనే తీరుస్తానని కొత్త ప్యాకేజీ ప్రొవైడ్స్ వరుసలో చెప్పుకుంటుంది. ఉబుంటు 24.04 వాడేవారికి, డెబియన్ 13కు మారినవారికి ఈ తోక పేర్లు పరిచయమే. కొత్త లైబ్రరీ రావాలంటే పాతది తొలగిపోవాలి. మామూలు ఆప్ట్ అప్‌గ్రేడ్ కొత్త ప్యాకేజీని తెస్తుంది గానీ ఉన్నదాన్ని తొలగించదు. అందుకని అలాంటి ప్యాకేజీలను నిలిపి ఉంచానని చెప్పి పక్కన పెడుతుంది. ఫుల్-అప్‌గ్రేడ్ అంటే తొలగించే అధికారం కూడా ఇచ్చినట్లు. అయితే ఉబుంటులో అప్‌డేట్లను విడతలవారీగా వదలడం వల్ల కూడా ప్యాకేజీలు ఆగిపోవచ్చు కనుక, అలా ఆగినవి కనబడగానే కంగారుపడి ఫుల్-అప్‌గ్రేడ్ కొట్టనవసరం లేదు.

సీతాఫలం రాశారు:

నేను ఆర్చ్ వాడతాను. ప్యాక్‌మ్యాన్ కూడా /వార్/లిబ్/ప్యాక్‌మ్యాన్/లోకల్‌లో ప్యాకేజీకొక ఫోల్డరు పెట్టి, డెస్క్ అన్న ఫైలులో డిపెండెన్సీలను రాసుకుంటుంది. మళ్లీ కంపైల్ చేసినప్పుడల్లా ప్యాకేజీ రిలీజ్ సంఖ్యను పెంచుతారు. పాతసర్వరు గారు చెప్పిన పద్ధతికి దగ్గరగానే ఉంది. నా సందేహం వేరు. ఇన్‌స్టాల్ అయిన నాటి పాత కాగితాన్ని పట్టుకుని వేలాడే బదులు, ప్యాకేజీ మేనేజరు ప్రతిసారీ రిపాజిటరీలో తాజాగా ఉన్న డిపెండెన్సీలనే చదివితే సరిపోదా? అక్షరక్రమం గారి సమస్య అక్కడితో తీరిపోయేది కదా?

గోదారిగట్టు రాశారు:

సీతాఫలం గారూ, పోర్టేజ్ ఎన్నో ఏళ్లు సరిగ్గా అదే పని చేసింది. దాన్ని డైనమిక్ డిపెండెన్సీలు అనేవాళ్లు. ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీకి, అదే వెర్షన్ ఈబిల్డ్ రిపాజిటరీలో ఇంకా ఉంటే, వీడీబీలోని పాఠాన్ని పక్కన పెట్టి ఈబిల్డ్‌లోని తాజా పాఠాన్ని లెక్కలోకి తీసుకునేది. జెంటూలో ప్రతి మార్పూ వాడేవారి ఇంట్లో ఒక కంపైలు అయ్యేది కనుక దానికి ఆకర్షణ ఉండేది: డిపెండెన్సీ వరుసలో చిన్న తప్పు దిద్దినందుకు లిబ్రెఆఫీస్ వంటి ప్యాకేజీని గంటల తరబడి మళ్లీ కంపైల్ చేయమంటే ఎవరు ఒప్పుకుంటారు?

చిక్కు ఎక్కడ వస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. మీ మెషీన్‌లోని ఒక ప్రోగ్రాము తన పనిలో భాగంగా ఒక చిన్న సహాయక కమాండును పిలుస్తుందనుకోండి. నిర్వాహకుడు అదే వెర్షన్ ఈబిల్డ్‌లో, కంపైల్ చేసేటప్పుడు ఇచ్చే ఆప్షన్ మార్చి, ఆ కమాండుకు బదులు మరో కమాండును వాడేలా చేసి, డిపెండెన్సీని కూడా అందుకు తగ్గట్లు మార్చాడు. మీ దగ్గర ఉన్న బైనరీ పాతదే. అది పాత కమాండునే పిలుస్తుంది. డైనమిక్ పద్ధతిలో పోర్టేజ్ కొత్త పాఠాన్ని నమ్మి కొత్త కమాండును తెచ్చిపెడుతుంది, పాతదాన్ని డెప్‌క్లీన్‌లో ఊడ్చేస్తుంది. ఇది లింకు కాదు కనుక ఈఎల్‌ఎఫ్ తనిఖీకి కూడా దొరకదు. ప్రోగ్రాము ఒకరోజు అర్థం కాని లోపంతో ఆగిపోతుంది.

రెండో చిక్కు ఇంకా చికాకైనది. ఆ పాత వెర్షన్ ఈబిల్డ్‌ను రిపాజిటరీ నుంచి తీసేసిన రోజున చదవడానికి తాజా పాఠం లేదు. పోర్టేజ్ మళ్లీ వీడీబీలోని పాఠానికి వెనక్కి వెళ్తుంది. మీరేమీ మార్చకపోయినా, సింక్ చేసినందుకే, అదే ప్యాకేజీ డిపెండెన్సీలు నిన్న ఒక రకంగా, ఇవాళ ఒక రకంగా కనిపిస్తాయి. ఒకే ప్యాకేజీలున్న రెండు మెషీన్లలో జవాబులు వేరుగా వస్తాయి. ఎవరి ఫిర్యాదునూ మరొకరు తమ దగ్గర పునరావృతం చేసి చూడలేరు.

అందుకే తర్వాత ఈ పద్ధతిని డిఫాల్టుగా ఆపేశారు. రన్‌టైమ్ డిపెండెన్సీ మారితే ఈబిల్డ్ చివర -ఆర్1 అని రివిజన్ పెంచి తీరాలన్నది ఇప్పుడు నిర్వాహకుల బాధ్యత. ఎవరైనా పెంచకుండా మార్చితే పట్టుకోవడానికి --చేంజ్డ్-డెప్స్ అన్న ఆప్షన్ ఉంది. అది వీడీబీలోని పాఠాన్ని, ఇప్పటి ఈబిల్డ్‌లోని పాఠాన్ని పోల్చి, తేడా ఉన్నవాటిని మళ్లీ కంపైల్ చేస్తుంది. తాజా పాఠం తెలుసుకోవడం తప్పు కాదు. దాన్ని పాత బైనరీకి అంటగట్టడమే తప్పు.

ఒక మినహాయింపు ఉంది. ప్యాకేజీ పేరు గానీ, అది ఉండే విభాగం గానీ మారినప్పుడు రిపాజిటరీలోని అప్‌డేట్స్ ఫోల్డరులో ఒక వరుస చేరుస్తారు. పోర్టేజ్ దాన్ని చదివి వీడీబీలోని పాత పేర్లను స్వయంగా దిద్దుతుంది. పేరు మాత్రమే మారింది, వస్తువు మారలేదు కనుక ఇందులో ప్రమాదం లేదు.

బెజవాడ జంక్షన్ రాశారు:

నేను డేటా పనికి కాండా అన్న ప్యాకేజీ మేనేజరు వాడతాను కనుక కొంచెం అడ్డు చెబుతాను. దాని రిపాజిటరీ కాండా-ఫోర్జ్‌లో ఒకసారి వదిలిన ప్యాకేజీ ఫైలును మార్చరు. కానీ డిపెండెన్సీలు తప్పుగా రాశామని, ముఖ్యంగా ఫలానా లైబ్రరీ తర్వాతి పెద్ద వెర్షన్‌తో పని చేయదన్న పై పరిమితి పెట్టడం మరిచామని తర్వాత తెలిస్తే, ఇండెక్సులో ఉన్న వివరాలకు ప్యాచ్ వేస్తారు. ఫైలు పాతదే, దాని గురించి ఇండెక్సు చెప్పే మాట కొత్తది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవారందరికీ ఆ దిద్దుబాటు అందుతుంది. వందల ప్యాకేజీలను మళ్లీ కంపైల్ చేయకుండా ఒక్క వరుసతో పని అయిపోతుంది. పైథాన్ వాళ్ల ప్యాకేజీ రిపాజిటరీ పైపైలో ఈ సదుపాయం లేదు. అక్కడ వీల్ (ప్యాకేజీ) ఫైలు లోపలి మెటాడేటా ఏది చెబితే అదే చివరి మాట, తప్పు జరిగితే ఆ విడుదలను యాంక్ చేసి (వాడవద్దని గుర్తు పెట్టి) మరొకటి వదలాలి. భవిష్యత్తులో రాబోయే లైబ్రరీ దేన్ని విరగ్గొడుతుందో ప్యాకేజీ కట్టిన రోజున ఎవరికీ తెలియదు కదా? అప్పుడు రాసిన కాగితమే శాశ్వతం అనడం నాకు మొండితనంగా కనిపిస్తుంది.

గోదారిగట్టు రాశారు:

మీ మాటలో న్యాయం ఉంది. అయితే మీరు చెప్పింది తప్పుగా వర్ణించిన వస్తువుకు వర్ణనను దిద్దడం. నేను చెప్పింది వస్తువు మారిన తర్వాతి వర్ణనను మారని వస్తువుకు తగిలించడం. మొదటిది మేలు చేస్తుంది, రెండోది ముంచుతుంది. ఫైలును మాత్రమే చూసే ప్యాకేజీ మేనేజరుకు ఈ రెండింటి మధ్య తేడా తెలియదన్నదే అసలు బాధ. అదీ కాక, మీ ఇండెక్సు ప్యాచ్ కూడా ఇప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉన్న ఎన్విరాన్‌మెంటులోని కాండా-మెటా ఫోల్డరులో ఉన్న జేసన్ రికార్డును దిద్దదు. అక్కడ పాత మాటే ఉంటుంది.

బెజవాడ జంక్షన్ రాశారు:

అది నిజమే, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడే ఒక పాత ఎన్విరాన్‌మెంటు తెరిచి చూశాను.

ఎర్రజెండా రాశారు:

ఫెడోరా వైపు నుంచి ఒక చిన్న మాట. అక్కడి ప్యాకేజీ పద్ధతి ఆర్‌పీఎమ్‌లో చాలా డిపెండెన్సీలను మనిషి రాయడు. ప్యాకేజీ కట్టేటప్పుడే బైనరీలను చదివి, లిబ్‌ఐసీయూయూసీ.ఎస్‌ఓ.74, 64 బిట్ అన్న రూపంలో లైబ్రరీ పేరునే డిపెండెన్సీగా నమోదు చేస్తుంది. ఐసీయూ ప్యాకేజీ అదే పేరును ప్రొవైడ్స్‌లో ప్రకటిస్తుంది. కనుక అక్షరక్రమం గారి మతిమరుపు ఆర్‌పీఎమ్‌లో జరగడానికి వీల్లేదు. డెబియన్‌లో కూడా డీపీకేజీ-ఎస్‌హెచ్‌లిబ్‌డెప్స్ ఇదే పని చేసి, దాన్ని ప్యాకేజీ పేరుగా మార్చి రాస్తుంది; పైగా ప్రోగ్రాము వాడిన సింబల్స్ (లైబ్రరీలోని ఫంక్షన్ల వంటివాటి పేర్లు) చూసి కనీస వెర్షన్ ఎంతో కూడా తేలుస్తుంది. అనవసరంగా చేర్చిన జేసన్-సీని మాత్రం ఇవేవీ పట్టుకోవు, ఎందుకంటే మనిషి చేతితో రాసినదాన్ని ఎవరూ కాదనరు.

నిక్స్ నివాసి రాశారు:

ఇంతసేపు మీరంతా మాట్లాడుకుంటున్నది రెండు పుస్తకాలు ఒకే మాట చెప్పేలా చేయడం గురించి. నిక్స్ అన్న ప్యాకేజీ మేనేజరులో రన్‌టైమ్ డిపెండెన్సీలను రాసే పుస్తకమే ప్యాకేజీ కట్టేవారి చేతిలో ఉండదు. ప్రతి ప్యాకేజీ స్టోరులో ఒక సొంత ఫోల్డరులో ఉంటుంది, ఆ ఫోల్డరు పేరు 32 అక్షరాల హ్యాష్‌తో మొదలవుతుంది. బిల్డ్ పూర్తయ్యాక నిక్స్ ఆ ఫలితంలోని ప్రతి ఫైలునూ బైట్లవారీగా వెతుకుతుంది. బిల్డ్‌కు వాడిన ప్యాకేజీల హ్యాష్‌లలో ఏదైనా ఎక్కడైనా కనబడితే అది రన్‌టైమ్ డిపెండెన్సీ, కనబడకపోతే కాదు. ఎల్కో డోల్‌స్ట్రా 2006 నాటి తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఈ పద్ధతిని వివరించారు. చెత్త ఏరే గార్బేజ్ కలెక్టర్లు మెమరీలో పాయింటర్లను వెతికే తీరు దీనికి పోలిక. వినడానికి మొరటుగా ఉంటుంది గానీ, గోదారిగట్టు గారు చెప్పిన సహాయక కమాండును కూడా ఇది పట్టుకుంటుంది, ఎందుకంటే ఆ కమాండు పూర్తి దారి బైనరీలో అక్షరాలుగా ఉంటుంది.

డిపెండెన్సీ మారడం అన్న సంఘటనే ఇక్కడ లేదు. ఐసీయూ మారితే దాని హ్యాష్ మారుతుంది, దాంతో మీ ప్రోగ్రాము హ్యాష్ మారుతుంది, అది వేరే ఫోల్డరులో వేరే ప్యాకేజీ అవుతుంది; పాతది పాత ఐసీయూతో ఎప్పటిలాగే నడుస్తుంది. దీనికి మూల్యం లేదనను. అట్టడుగున ఉన్న ఒక లైబ్రరీలో చిన్న దిద్దుబాటు వస్తే దాని మీద ఉన్న ప్రపంచమంతా మళ్లీ బిల్డ్ కావాలి. హ్యాష్ ఉన్న ఫైలును ఎవరైనా కుదించి, అంటే కంప్రెస్ చేసి పెడితే వెతుకులాటకు అది దొరకదు, డిపెండెన్సీ జారిపోతుంది.

పాతసర్వరు రాశారు:

పుస్తకాల సంగతి చాలా చర్చించాం. ఏ పుస్తకంలోనూ లేని డిపెండెన్సీ ఒకటి నన్ను ఎలా దెబ్బ తీసిందో చెబుతాను, ఎందుకంటే అక్షరక్రమం గారికి డెబియన్‌లో ఎదురుపడగలిగేది ఇదే.

నేను మునుపు పని చేసిన చోట ఒక డెబియన్ సర్వరు మీద పైథాన్ అప్లికేషన్ నడిచేది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసుతో మాట్లాడడానికి సైకాప్‌జీ2 లైబ్రరీని పైథాన్ సొంత ఇన్‌స్టాలరు పిప్ ద్వారా సోర్సు నుంచి కంపైల్ చేసి పెట్టాం. అందుకు కంపైల్ చేసేటప్పుడు లిబ్‌పీక్యూ-డెవ్ కావాలి కనుక దాన్ని ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేశాం. దాని వెంట, నడిచేటప్పుడు కావలసిన లైబ్రరీ లిబ్‌పీక్యూ5 ఆటోమేటిక్‌గా వచ్చింది. ఏది మనం అడిగి తెచ్చుకున్నది, ఏది దానంతట వచ్చింది అన్న లెక్క స్టేటస్ ఫైలులో ఉండదు. /వార్/లిబ్/ఆప్ట్/ఎక్స్‌టెండెడ్_స్టేట్స్ అన్న మరో ఫైలులో, ఆటో-ఇన్‌స్టాల్డ్: 1 అన్న ముద్రతో ఉంటుంది. లిబ్‌పీక్యూ5కు ఆ ముద్ర పడింది.

ఏడాది తర్వాత, నడిచే సర్వర్ల మీద డెవ్ ప్యాకేజీలు ఉండకూడదన్న నియమం వచ్చింది. నేనే లిబ్‌పీక్యూ-డెవ్‌ను తొలగించి, దానంతట వచ్చి ఇక ఎవరికీ అక్కరలేనివాటిని తీసేసే ఆటోరిమూవ్ కొట్టాను. లిబ్‌పీక్యూ5ను కోరే ప్యాకేజీ డీపీకేజీ లెక్కలో మరొకటి లేదు. పిప్ పెట్టిన సైకాప్‌జీ2 ఉన్నట్లే దానికి తెలియదు. లైబ్రరీ పోయింది. అయినా అప్లికేషన్ ఆగలేదు. ఒక ప్రాసెస్ మెమరీలోకి తెచ్చుకున్న ఫైలును డిస్కు మీద పేరు తీసేసినా, ఆ ప్రాసెస్ ఉన్నంత కాలం అది బతికే ఉంటుంది. మూడు వారాల తర్వాత కెర్నెల్ అప్‌డేట్ కోసం సర్వరును రీబూట్ చేసినప్పుడు లిబ్‌పీక్యూ.ఎస్‌ఓ.5 దొరకడం లేదంటూ అప్లికేషన్ లేవలేదు. ఆ రోజు మారింది కెర్నెల్ ఒక్కటే కనుక రెండు గంటల పాటు కెర్నెల్ మీదే అనుమానపడ్డాం. చివరికి ఆప్ట్ హిస్టరీ లాగ్ చదివితే మూడు వారాల నాటి నా కమాండే కనిపించింది.

అప్పటి నుంచి ప్యాకేజీ మేనేజరుకు తెలియని ప్రోగ్రాము ఏదైనా ఉంటే, దానికి కావలసిన లైబ్రరీలను ఆప్ట్-మార్క్ మాన్యువల్‌తో నా పేరున రాయిస్తాను. ఎక్కువగా ఉంటే ఈక్వివ్స్‌తో ఒక ఖాళీ ప్యాకేజీ తయారు చేసి, దాని డిపెండ్స్ వరుసలో అవన్నీ పేర్కొంటాను. అప్పుడు అవి ఎందుకు ఉన్నాయో తర్వాత వచ్చేవారికి కూడా తెలుస్తుంది. తొలగించిన లైబ్రరీలను పట్టుకుని ఇంకా నడుస్తున్న ప్రాసెస్‌లను నీడ్‌రీస్టార్ట్ చూపిస్తుంది. ఆటోరిమూవ్ తర్వాత దాన్ని నడిపి ఉంటే ఆ రోజే బయటపడేది.

అక్షరక్రమం రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. గోదారిగట్టు గారు చెప్పినట్లు --చేంజ్డ్-డెప్స్‌తో ముందుగా ప్రిటెండ్ చేసి చూస్తే, మొత్తం మెషీన్‌లో నా ప్రోగ్రాము ఒక్కటే బయటపడింది. దాన్ని అలాగే మళ్లీ కంపైల్ చేయవచ్చు గానీ, పద్ధతి ప్రకారం చేద్దామని ఈబిల్డ్ పేరు చివర -ఆర్1 చేర్చాను. ఐసీయూ సోనేమ్ (.ఎస్‌ఓ.74 వంటి సంఖ్యతో ఉండే లైబ్రరీ పేరు) ప్రతి పెద్ద వెర్షన్‌కూ మారుతుంది కాబట్టి డిపెండెన్సీ పక్కన := గుర్తు కూడా పెట్టాను. ఎమర్జ్ పూర్తయ్యాక వీడీబీలోకి వెళ్లి ఆర్‌డిపెండ్ ఫైలు చదివితే, నేను ఖాళీగా వదిలిన ఆ గుర్తు మధ్యలో ఐసీయూ సబ్‌స్లాటు సంఖ్య (లింకుకు సరిపోయే వెర్షన్‌ను తెలిపేది) వచ్చి చేరి ఉంది. ఏ ఐసీయూతో లింకు అయ్యానన్నది ఇప్పుడు ప్యాకేజీయే చెబుతోంది, ఆ సంఖ్య మారిన రోజున పోర్టేజ్ దానంతట అదే నా ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేస్తుందన్నమాట.

ఆ తర్వాత డెప్‌క్లీన్ నడిపితే తొలగించే జాబితాలో వచ్చింది జేసన్-సీ ఒక్కటే. ఐసీయూ పేరూ లేదు, చివరి నిమిషపు హెచ్చరికా లేదు. రేపు ఆఫీసుకు వెళ్లగానే ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ జాబితాను, పిప్‌తో పెట్టినవాటికి ఎల్‌డీడీ చూపించే లైబ్రరీలను పక్కపక్కన పెట్టి చూడబోతున్నాను.

గోదారిగట్టు రాశారు:

ఒక్కటి మరిచిపోకండి. -ఆర్1ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వన్‌షాట్ ఆప్షన్ వాడి ఉంటే పేరు వరల్డ్ ఫైలులో (మనం అడిగి తెచ్చుకున్న ప్యాకేజీల జాబితాలో) కొత్తగా చేరదు. ఇంతకు ముందు కూడా అలాగే పెట్టి ఉంటే, తదుపరి డెప్‌క్లీన్ మీ ప్రోగ్రామునే తీసుకుపోతుంది, దాని వెంట ఐసీయూను కూడా.

అక్షరక్రమం రాశారు:

వరల్డ్ ఫైలులో గ్రెప్ చేసి చూశాను. ఉంది, మొదటిసారి ఇన్‌స్టాల్ చేసినప్పుడే చేరింది.